చూచిరాత ముత్యాల్లా ఉంటుంది, సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే పెన్సిల్ కదలదు. ఏం చేయాలి?

పుత్తూరు_ఎస్‌జీటీ:

అందరికీ నమస్తే. మాది పుత్తూరు దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు కలిపి 23 మంది పిల్లలు నా దగ్గరే ఉంటారు. బోర్డు మీద ఉన్నది నోట్సులోకి ఎక్కించమంటే ఒక్కొక్కరు అచ్చు వేసినట్టు రాస్తారు, చూసి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు కూడా మెచ్చుకున్నారు. సొంతంగా రాయమంటే మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మొన్న మామిడి చెట్టు గురించి అయిదు వాక్యాలు అడిగాను. మా ఊరి చుట్టూ తోటలే. బెంగుళూరా కాయకూ నీలం కాయకూ తేడా నాకంటే వాళ్ళకే బాగా తెలుసు, సెలవుల్లో సగం మంది తోటల్లోనే ఉంటారు. అయినా 19 మంది రాసింది ఒకటే: "మామిడి ఒక చెట్టు. మామిడి పండు తియ్యగా ఉండును. మామిడిని పండ్లలో రాజు అందురు." ఉండును, అందురు! నేనెప్పుడూ అట్లా మాట్లాడలేదు, వాళ్ళ అమ్మానాన్నలూ మాట్లాడరు, ఏ గైడులోంచి దిగిందో ఏమో.

నాలుగో తరగతి పిల్లోడు ఒకడు మాత్రం "ఈసారి రేటు లేదని మానాయన కాయలు కొయ్యలేదు" అని రాసి, రబ్బరుతో తుడిపేసి, దాని మీదే "పండ్లలో రాజు" రాశాడు. పెన్సిల్ గట్టిగా నొక్కి రాస్తాడు కాబట్టి కింది అచ్చు కనిపించింది. ఎందుకు తుడిపావురా అంటే, "అది తప్పు కదా సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆటలాగా ఉండాలి, పిల్లలు ఒకరితో ఒకరు కలిసి చేసేవి కావాలి. ప్రొజెక్టర్ లేదు, రంగు ప్రింట్లు లేవు. ఒక పీరియడ్, సుద్దముక్క, ఒకవైపు వాడేసిన కాగితాలు, అంతే. మీ తరగతిలో నిజంగా చేసినవి చెప్పండి, ట్రైనింగ్ మాడ్యూల్‌లో చదివినవి వద్దు. అవి నా దగ్గరా బీరువా నిండా ఉన్నాయి.


చంద్రగిరి_రిటైర్డ్_హెచ్‌ఎం:

బాబూ, వాడు ఎందుకు తుడిపేశాడో ఆలోచించండి. పిల్లలు రాసింది ఎవరు చదువుతారు? మనమే, అదీ ఎర్ర పెన్ను పట్టుకుని. తప్పులు వెతికేవాడికి ఎవరైనా ఇంటి సంగతి చెప్పుకుంటారా? నేనూ ఇరవై ఏళ్ళు అదే పని చేశాను, దాచుకోవడం ఎందుకు.

తర్వాత ఒక ఏడాది చెప్పుల డబ్బాకి పైన సందు కోసి, ఎర్ర కాగితం అంటించి, తరగతి గుమ్మం పక్కన పెట్టాను. ఉత్తరాల డబ్బా. ఎవరు ఎవరికైనా రాయొచ్చు. కింద పేరు ఉండాలి, తిట్లు ఉండకూడదు, ఇంకే నియమమూ లేదు. శుక్రవారం ఒక పిల్లో పిల్లాడో పోస్ట్‌మాన్, సంచి తగిలించుకుని పంచాలి. పంచాలంటే పేరు చదవాలి కదా, చదవడం రాని వాణ్ణి కూడా వంతు వచ్చినప్పుడు పోస్ట్‌మాన్‌ను చేశాను, పక్కన ఒకణ్ణి తోడు పెట్టి. వాడు నాలుగు వారాల్లో తరగతిలో అందరి పేర్లూ గుర్తుపట్టాడు. నా పేరున వచ్చిన ప్రతి ఉత్తరానికీ రెండు లైన్ల జవాబు రాసేవాణ్ణి. తప్పులు దిద్దే వాణ్ణి కాదు, కానీ వాడు "బర్రె ఈణింది" అని రాస్తే నేను "బర్రె ఈనిందా? దూడ పెయ్యా, దున్నా?" అని రాసేవాణ్ణి. సరైన రూపం వాడి కళ్ళ ముందు పడేది, వాడికి అవమానమూ ఉండేది కాదు.

మొదటి రెండు వారాలూ చప్పగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. వదిలేయొద్దు.

డబ్బా నడిచాక నిజం పోస్టుకార్డులు కొనండి. కార్డు ఒక్కటి 50 పైసలు, మీ 23 మందికీ కలిపి పదకొండున్నర రూపాయలు. అడ్రసు రాయడమే ఒక పాఠం. ఇంటి పేరు, వీధి, ఊరు, మండలం, పిన్ కోడ్. పిన్‌లో ఆరు అంకెలు ఎందుకని అడుగుతారు, చెప్పండి: 1972 ఆగస్టు 15న మొదలైన పద్ధతి అది, మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు, మనకు 517తో మొదలవుతుంది. మా స్కూల్లో ఒక పిల్ల పక్క మండలంలో ఉన్న అవ్వకు రాసింది. అవ్వకు చదువు రాదు. పోస్ట్‌మాన్ చేతనే చదివించుకుని, అతని చేతనే జవాబు రాయించి పంపింది, "ఉగాదికి రా, ఓళిగలు చేస్తా" అని. ఆ కార్డు తరగతిలో చేతులు మారి మారి నలిగిపోయింది.


తిరుపతి_మూడో_తరగతి_మేడం:

సార్, నాది ప్రైవేటు స్కూలు, తరగతిలో 42 మంది. కాబట్టి నేను చెప్పేది మీ 23 మందికి ఇంకా సులభం.

మడత కథ. పొడుగు కాగితం ప్రతి బెంచీకీ ఒకటి. నేను ప్రశ్న అడుగుతాను, ఒక్క ముక్కలో జవాబు రాసి, కనిపించకుండా మడిచి వెనక బెంచీకి ఇవ్వాలి. ఎవరు? ఎవరితో? ఎక్కడ? ఏం చేస్తూ? ఏమన్నారు? చివరకు ఏమైంది? ఆరు మడతలు అయ్యాక విప్పి గట్టిగా చదవాలి. పోయిన వారం వచ్చినది: "పుంగనూరు ఆవు, మా పీఈటీ సార్‌తో, అలిపిరి మెట్ల మీద, బట్టలు ఆరేస్తూ, నాకు ఇంకో దోసె వెయ్యి అన్నాడు, చివరకు అందరికీ జ్వరం వచ్చింది." పక్క తరగతి నుంచి కంప్లైంటు వచ్చింది, అంత నవ్వారు.

అసలు పని నవ్వు అయ్యాకే మొదలవుతుంది. "ఆవు అన్నాడు" అంటారా అని అడిగాను. అన్నది, అనింది అని వాళ్ళే దిద్దారు. మరి ఆవూ సారూ ఇద్దరూ కలిసి అంటే? అన్నారు. క్రియ చివర ఎందుకు మారుతుందో వ్యాకరణం పీరియడ్‌లో నేను గొంతు చించుకున్నా ఎక్కనిది ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కింది. మర్నాడు అదే కాగితం తీసుకుని "ఆవుకు దోసె ఎందుకు కావాలి?" అని అడిగి, గుంపుగా కూర్చోబెట్టి కథ రాయించాలి. ఆ మర్నాటి పని చేయకపోతే అది ఉత్త ఆట, చేస్తే రాత.

ఇంకొకటి నాకు ప్రాణం. బొరుగుల మసాలా ఎలా చేయాలో రాయమంటాను. గిన్నె, బొరుగులు, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మకాయ, వేయించిన శెనక్కాయలు టేబుల్ మీద పెడతాను. వాళ్ళు ఏం రాస్తే అది, అక్షరం పొల్లుపోకుండా నేను చేస్తాను. ఒకడు "ఉల్లిపాయ వేయాలి" అని రాశాడు, పొట్టుతో సహా ఉల్లిపాయ గిన్నెలో పడేశాను. "కారం వేయాలి" అన్న పిల్లకు ప్యాకెట్ మొత్తం గిన్నె మీద వంచబోయాను, తరగతి అంతా లేచి అరిచింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే కాగితాలు లాక్కుని "పొట్టు తీసి, సన్నగా తరిగి, ఒక చెంచా" అని చేర్చడం మొదలుపెట్టారు. తిరగరాయడం అంటే పిల్లలకు శిక్ష, ఇక్కడ మాత్రం తిండి బాగుండాలని వాళ్ళే తిరగరాశారు. కత్తి పని మనదే, పిల్లల చేతికి ఇవ్వొద్దు. వేరుశెనగ పడని పిల్లలు ఉన్నారేమో ముందే కనుక్కోండి.

జూన్‌లో బడి తెరిచాక ఒకటి చేస్తాను, తిరుపతి పిల్లలకు బాగా సరిపోతుంది. మే నెలలో గంగమ్మ జాతర అయ్యుంటుంది, తరగతిలో కనీసం పదిమంది వేషం కట్టి ఉంటారు. వేషం పేరు రాయకుండా ఆనవాళ్ళు మాత్రం రాయాలి. ఒంటికి తెల్లగా పూశారా, కుంకుమ పూశారా, గంధం పూశారా, చేతిలో ఏముంది, ఎవరు తయారు చేశారు, ఎక్కడ దురద పెట్టింది. మిగతావాళ్ళు విని బైరాగా, బండా, దొరా అని కనిపెట్టాలి. "దురద" అడగడం మర్చిపోవద్దు, మంచి వాక్యాలన్నీ అక్కడే వస్తాయి.


ఒక_తండ్రి_చిత్తూరు:

టీచర్లు కాకపోయినా మాట్లాడొచ్చా? మా వాడు నాలుగో తరగతి. వాళ్ళ మేడం కూడా ఇట్లాంటివే చేయిస్తుంది. నోట్సు తెరిస్తే గుండె ఆగినంత పనవుతుంది. "బాష", "కల్లు నొప్పి", "పాటశాల", ఒక్కటీ దిద్ది ఉండదు. అడిగితే "భావం ముఖ్యం సార్" అంటారు. మా నాన్న నాచేత రోజూ ఒక పేజీ డిక్టేషన్ రాయించేవారు, తప్పు పోతే పదిసార్లు రాయాలి, ఈరోజు నేను తప్పు లేకుండా రాస్తున్నానంటే దానివల్లే. కళ్ళు నొప్పి అనబోయి కల్లు నొప్పి అంటే నవ్వుకోవడానికి బాగుంటుంది, పదో తరగతిలో మార్కులు వేసేవాళ్ళు నవ్వరు కదా. ఆవూ దోసే అంటూ కాలం గడిపితే వీళ్ళు వత్తులు ఎప్పుడు నేర్చుకుంటారు?


కుప్పం_బార్డర్_టీచర్:

అన్నా, మీ టెన్షన్ అబద్ధం కాదు. నేను టీచరుగా మీ వైపు సగం ఉన్నాను.

ఒకసారి మీవాడి చేత "భాష" అని పలికించండి. మన వైపు పెద్దవాళ్ళు కూడా చాలామంది "బాష" అనే అంటారు. పలికినట్టే రాశాడు, అంటే చెవి పని చేస్తోంది, అక్షరంతో మాటను పట్టుకుంటున్నాడు. ల, ళ, న, ణ, శ, ష, స, ఒత్తక్షరాలు, ఇవి విని పట్టేవి కావు, చదివి చదివి కంటికి అలవాటు కావాలి. అందుకని నేను డిక్టేషన్ మానలేదు, రోజూ పది నిమిషాలు ఉంటుంది. అది వేరే నోట్సు. సొంత రాత వేరే నోట్సు. రెండూ ఒకే చోట కలిపితే పిల్లవాడు ఏం చేస్తాడంటే, తనకు స్పెల్లింగ్ వచ్చిన మాటలతోనే వాక్యం కడతాడు. "ఇది ఆట. ఇది బాట." తప్పు ఉండదు, విషయమూ ఉండదు.

సొంత రాతలో వారానికి ఒక్క తప్పు రకమే దిద్దుతాను. ఈ వారం ళ అంటే ళ మాత్రమే, మిగతావి కనిపించినా నోరు మూసుకుంటాను (కష్టమే). గోడ మీద అంటించేదానికి మాత్రం ఒక్క తప్పు కూడా ఉండకూడదు, ఎందుకంటే దాన్ని వేరేవాళ్ళు చదువుతారు. జతలుగా కూర్చుని ఒకరిది ఒకరు సరిచూసి, శుభ్రంగా తిరగరాసి ఇస్తారు. మీ వాడి మేడం ఈ చివరి పని చేయిస్తుందో లేదో అడగండి. చేయించకపోతే మీ కంప్లైంటు న్యాయమే.

ఇక పుత్తూరు సార్‌కు. మా కుప్పంలో ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. తరగతిలో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు, కన్నడం మాట్లాడేవాళ్ళు ఉన్నారు, తెలుగువాళ్ళదీ పుస్తకం తెలుగు కాదు. "మాయమ్మ శెనక్కాయలు ఒలస్తా ఉండాది" అని చెప్పే పిల్లను "మా అమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది" అని రాయమంటే ఆ పిల్ల ముందు తర్జుమా చేసుకోవాలి, తర్వాత రాయాలి. మధ్యలో చెప్పాలనుకున్నది ఎగిరిపోతుంది. మీ పిల్లోడు "మానాయన" అని రాసి తుడిపేసింది ఇందుకే కావచ్చు. మన చిత్తూరు యాసలో గొప్ప కథలు అచ్చయ్యాయి సార్, అది తప్పు భాష కాదని పిల్లలకు మనమే చెప్పాలి.

నేను చేసేది ఇది. ముందు నోటితో చెప్పాలి. అన్నది అన్నట్టు నేను బోర్డు మీద రాస్తాను, "ఉండాది"తో సహా. తమ మాట బోర్డు మీద కనిపించగానే పిల్లల మొహాలు చూడాలి మీరు. అందరం కలిసి చదువుతాం. తర్వాత నడుమ నడుమ ఒక్కో మాట చెరిపేస్తాను, వాళ్ళు వచ్చి నింపాలి. చివరకు బోర్డు ఖాళీ అవుతుంది, అప్పుడు నోట్సులో రాయాలి. ఒకటి, రెండు తరగతుల వాళ్ళకు కూడా పనికొస్తుంది. గోడ మీద ఒక చార్టు ఉంది, ఎడమవైపు ఇంటి మాట, కుడివైపు పుస్తకం మాట. రోజూ ఒకటో రెండో చేరుతుంటాయి. మొదటి డ్రాఫ్టు ఎడమవైపు మాటలతో రాసుకోవచ్చు, గోడకు ఎక్కించేటప్పుడు ఏది కుడికి మార్చాలో వాళ్ళే తేల్చుకుంటారు. "అవ్వ" అన్న మాటను మాత్రం మార్చమని మొన్న గొడవ చేశారు, మార్చలేదు. నేనూ వదిలేశాను.


సూళ్ళూరుపేట_టీచరమ్మ:

పిన్ కోడ్ సంగతి చదివి నవ్వొచ్చింది. మేము 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా, అంతకుముందు నెల్లూరు. జిల్లా మారింది గానీ పిన్ 524తోనే ఉంది. "మరి మనది ఏ జిల్లా మేడం?" అని ఒకడు అడిగితే, ఆ ప్రశ్ననే పోస్ట్‌మాన్ గారికి రాయమన్నాను. ఒక్కొక్కరూ మూడేసి ప్రశ్నలు తయారు చేశారు, ఆయన వచ్చి పావుగంట కూర్చుని జవాబులు చెప్పాడు. ఎవరినైనా బడికి పిలిచి ప్రశ్నలు రాయించడం కూడా మంచి పనే, కుమ్మరి, బస్సు కండక్టరు, వంట చేసే ఆయా, ఎవరైనా సరే.

మాకు శ్రీహరికోట దగ్గర కదా. రాకెట్ లేచిన రోజు పిల్లలు ఎట్లాగూ పుస్తకం ముట్టరు. మైదానంలో నిలబెట్టి ఒక్క షరతు పెట్టాను: చూసింది, విన్నది, ఒంటికి తెలిసింది మాత్రమే రాయాలి, "అద్భుతం", "గర్వకారణం" లాంటి మాటలు రాస్తే కొట్టేస్తాను. వెలుగు ముందు కనిపించింది, చప్పుడు చాలాసేపటికి వచ్చింది. నడుమ ఒకడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడట, అదే రాశాడు. చప్పుడు ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుందని చెప్పి, మరి మనం ఎంత దూరంలో ఉన్నామో కట్టమన్నాను, తెలుగు పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోయింది. ఇంకో పాప రాసింది: "చప్పుడుకు మా బర్రె తల ఎత్తింది. మళ్ళీ గడ్డి తినింది." ఇంతకంటే ఏం కావాలి?

మీకు రాకెట్ లేకపోతే వాన చాలు.


ఒక_తండ్రి_చిత్తూరు:

రెండు నోట్సుల పద్ధతి బాగుంది, మేడంను అడుగుతాను. పదిసార్లు రాయించడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను.


పుత్తూరు_ఎస్‌జీటీ:

మూడు వారాలు అయ్యింది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

ఉత్తరాల డబ్బా పెట్టాను. మొదటి శుక్రవారం 23 ఉత్తరాలు, అందులో 20 నాకే, ఇరవైలోనూ "సార్ మీరు బాగున్నారా, నేను బాగున్నాను, మీ ప్రియమైన విద్యార్థి". హెచ్‌ఎం గారు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే డబ్బా ఆ రోజే చెత్తబుట్ట అయ్యేది. జవాబులో ఒక్కొక్కరికీ వేరే వేరే ప్రశ్న రాశాను. మీ ఇంట్లో ముందు నిద్ర లేచేది ఎవరు, మీ కుక్కకు పేరు ఎవరు పెట్టారు, ఇట్లాంటివి. రెండో వారం నుంచి కదలిక వచ్చింది.

మడత కథ మూడో తరగతి వాళ్ళతో బెడిసికొట్టింది. ఒక ముక్క రాసేలోపే కాగితం ముందుకు పోతోంది, ఇద్దరు ఏడ్చారు. తర్వాత ప్రతి మూడో తరగతి పిల్లనూ ఒక అయిదో తరగతి పిల్లతో జత చేశాను, చిన్నవాళ్ళు చెప్పాలి, పెద్దవాళ్ళు రాయాలి. అప్పుడు నడిచింది. పెద్దవాళ్ళు "నువ్వు చెప్పేది కథలాగా లేదు" అని వాదనకు దిగారు, అదీ మంచిదే అనుకున్నాను.

బొరుగుల మసాలా రోజు పొట్టు ఉల్లిపాయ గిన్నెలో వేసినప్పుడు నాకే నవ్వు ఆగలేదు. మిగిలింది తినేశాక ఒకడు వచ్చి "రేపు సంకటి రాద్దామా సార్" అన్నాడు. రాగి సంకటి, ఊరుబిండి ఎట్లా చేయాలో ఇంట్లో అమ్మను అడిగి రాసుకొచ్చారు. 23 మందివీ 23 రకాలుగా ఉన్నాయి, ఎవరిది సరైనదని కొట్లాట. ఇంటి మాట, పుస్తకం మాట చార్టు అక్కడే మొదలైంది.

ఆ పిల్లోడి సంగతి అడుగుతారని తెలుసు. రెండో వారం డబ్బాలో ఉత్తరం వేశాడు. "సార్ మామిడికాయలు చెట్టు కిందనే పడిపోయినాయి. మా ఎనుములు తిన్నాయి. అంతా పులుపు వాసన. మానాయన మండీకి పోలేదు." నాలుగు వాక్యాల్లో మూడు చోట్ల తప్పులున్నాయి, అవి దిద్ది ఇక్కడ రాశాను, వాడికి మాత్రం దిద్దలేదు. "ఎనుములకు కడుపు నొప్పి రాలేదా?" అని జవాబు పెట్టాను. మర్నాడే ఇంకో ఉత్తరం, పేజీన్నర. రబ్బరు వాడిన గుర్తు ఒకే చోట ఉంది, అదీ నా పేరు దగ్గర.

పోస్టుకార్డులు వచ్చే నెల. ఇప్పుడు కొత్త తలనొప్పి ఒకటి. మగపిల్లలు పోస్ట్‌మాన్ డ్యూటీలో ఉత్తరాలు తెరిచి చదివేస్తున్నారని అయిదో తరగతి ఆడపిల్లలు ఏకంగా నాకు అర్జీ రాశారు, అందరి సంతకాలతో. డబ్బాకు తాళం కావాలట, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలట. అట్టపెట్టెకు తాళం ఎట్లా వేస్తాం? ఊళ్ళో వడ్రంగిని అడిగాను, పాత చెక్కలతో సోమవారానికి ఒకటి చేసి ఇస్తానన్నాడు.